చివరి విడత వేట

“మేడమ్, మీరు ఆటంతా పాడు చేస్తున్నారు!” అన్నాడు క్రెయిగ్. పొద్దున్నుంచీ అతని ముఖాన ఉన్న నవ్వు ఇప్పుడు లేదు.

దీవుల దేశపు రాజధాని హోనియారాలో ఎకనామిక్స్ టీచర్లకు శిక్షణ జరుగుతోంది. నేర్పడానికి బ్రిస్బేన్ నుంచి వచ్చిన క్రెయిగ్, పొడుగాటి బల్ల మధ్యలో ఒక గిన్నె పెట్టి సగానికి చిక్కుడు గింజలు పోశాడు. గిన్నె సముద్రం, గింజలు చేపలు. ఒక్కో విడతలో ఎవరికెన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. చేపలు పిల్లల్ని పెట్టినట్టు, మిగిలినవాటికి క్రెయిగ్ మళ్లీ అన్నే కలుపుతాడు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లే గెలిచినట్టు. ఒక్కటే షరతు: ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

నెస్టా మాట్లాడింది. మరోవో లగూన్ అనే సముద్రపు కయ్య ఒడ్డున బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మనిషి ఆమె. మొదటి విడతలోనే, “తలా రెండు తీసి వదిలెయ్యండర్రా, మళ్లీ పెరుగుతాయి” అంది. అందరూ అలాగే తీశారు. ఆ తర్వాతి విడతల్లోనూ అంతే. గిన్నె తరగడం మాట అటుంచి, గింజలు అంచుదాకా వచ్చాయి.

“ఈపాటికి ఇది ఖాళీ అయిపోవాలి” క్రెయిగ్ గిన్నెను వేలితో తట్టాడు. “సిడ్నీలో రెండో విడతకే అయిపోయింది. అందరి సొత్తునీ ఎవరూ కాపాడరు, ఎవరికి వాళ్లు దోచుకుంటారు. ఇవాళ్టి పాఠమే అది!”

“అవలేదు కదా మరి?” అంది నెస్టా.

“మీరు మాట్లాడారు కాబట్టి!”

“మాట్లాడుకోకుండా వేటకెళ్లేవాళ్లని నేనెక్కడా చూళ్లేదు నాయనా. సిడ్నీలో నోటికి గుడ్డ కట్టుకుని పడతారా చేపలు?”

బల్ల చుట్టూ నవ్వులు పేలాయి. క్రెయిగ్ చెవులు ఎర్రబడ్డాయి.

“నియమాలు పాటించనివాళ్లు శిక్షణ పూర్తి చేశారని నేను సంతకం పెట్టలేను మేడమ్.”

నవ్వులు ఆగిపోయాయి. ఆ సంతకం లేకపోతే వచ్చే ఏడాది ఉద్యోగానికే ఎసరు. ఆ సంగతి నెస్టాకు తెలియంది కాదు. అయినా చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

“పెట్టకండి. మీ తాతలు దొంగలు, మీ పగడపు దిబ్బలు ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉండాల్సింది అని మా పిల్లలకు చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.”

క్రెయిగ్ తన సంచీలోంచి కొత్త లాప్‌టాప్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

“సరే. చివరి విడత. ఎవరి దగ్గర ఎక్కువ చేపలుంటే ఇది వాళ్ల బడికి. అందరూ కళ్లు మూసుకోవాలి. నేను కూడా తలుపు దగ్గర అటు తిరిగి నిలబడతాను. ఎవరెన్ని తీశారో పక్కవాళ్లకి తెలీదు. తర్వాత నాకొక్కడికే చూపించండి చాలు.” నెస్టా వైపు తిరిగాడు. “ఇప్పుడు చూద్దాం మేడమ్, మీ మాట ఎంతవరకు నిలబడుతుందో.”

నెస్టా పక్కన కూర్చున్న సెల్విన్ లాప్‌టాప్ మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. మలైతా దీవి కొండల్లో కొత్తగా చేరిన పంతులు అతను.

“అక్కా” అన్నాడు గొంతు తగ్గించి. “మా బడిలో పిల్లలు కంప్యూటర్ని పుస్తకంలో బొమ్మగానే చూశారు. నన్ను తిట్టుకోకు.”

“తిట్టను తమ్ముడూ. మా బడిలోనూ లేదు” అంది నెస్టా. “నీ చెయ్యి నీ ఇష్టం.”

“మాట్లాడకూడదు!” క్రెయిగ్ తలుపు దగ్గరికి నడిచాడు. “కళ్లు మూసుకోండి. మొదలుపెట్టండి.”

నెస్టా కళ్లు మూసుకుంది. మొదట ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక కుర్చీ కిర్రుమంది. గింజలు గలగలమన్నాయి. ఇంకో కుర్చీ, ఇంకో గలగల. కాసేపటికే గిన్నె దగ్గర ఒకటే సందడి. పక్కనుంచి సెల్విన్ ముందుకు వంగడం, అతని చొక్కా చెయ్యి తన భుజానికి రాసుకోవడం తెలిసింది ఆమెకు.

ఇంతేనా? ఎవరూ చూడకపోతే మనమూ ఇంతేనా? ఈ క్రెయిగ్ అనుకున్నదే నిజమా?

కానివ్వు అనుకుంది. గిన్నె అడుగు కనిపించాక అతను పకపకా నవ్వుకోవచ్చు గానీ, మొత్తం ఖాళీ అయిందని మాత్రం అనలేడు. తన ముందు పోగేసుకున్న గింజలన్నీ గుప్పిట్లో పట్టుకుని, తడుముకుంటూ చెయ్యి చాచింది. గిన్నె మీద ఎవరెవరివో చేతులు ఆమె చేతికి తగిలాయి. వాటిని మోచేత్తో పక్కకు నెట్టి మరీ గిన్నెలోకి గుప్పిట విప్పేసింది.

“చాలు. కళ్లు తెరవండి” తలుపు దగ్గర్నుంచి వినిపించింది.

నెస్టా తెరవలేదు. ఆ గిన్నె చూడబుద్ధి కాలేదు. క్రెయిగ్ బూట్ల చప్పుడు బల్ల దాకా వచ్చి ఆగింది. అతను నవ్వుతాడని ఎదురుచూసింది. నవ్వలేదు. నేల మీద ఏదో టప్పున పడింది. ఇంకోటి పడింది.

ఆమె కళ్లు తెరిచింది. సెల్విన్ అరచేతులు బల్ల మీద వెల్లకిలా ఉన్నాయి, ఖాళీగా. అవతల కూర్చున్న ఆవిడవీ అంతే. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవరి ముందూ ఒక్క గింజ లేదు. మధ్యలో గిన్నె మాత్రం గోపురంలా పేరుకుపోయి, పట్టలేక, చేపల్ని బల్ల నిండా పారబోస్తోంది.