ఉరికించకూడని పాట

"ఆపండి!"

అద్దం వెనక నుంచి దేవేంద్ర కసిరాడు.

అలా ఆపడం అది పదకొండోసారి.

మదనపల్లెలో అతను కంప్యూటర్ మీద పాటలు రికార్డు చేసే స్టూడియో పెట్టి ఏడాదయింది. అది రెండువేల నాలుగు. పుంగనూరు భజన బృందం పెద్ద వెంకటరమణప్ప, జాతర పాట సీడీ చేయించడానికి నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. అందులో ముందు పాడేది చౌడమ్మ. అరవై దాటిన మనిషి.

పాట చిన్నదే.

"కండ్లు తెరవవె చిన్నతల్లీ, ఊరు వచ్చెను సూడవే..."

ఊరంతా కదిలి వచ్చింది, కళ్ళు తెరిచి చూడమని అమ్మవారిని వేడుకోవడం.

జాతర పాట కదా, హుషారుగా ఉండాలని దేవేంద్ర టెంపో, అంటే పాట వేగం, నూట ఇరవై పెట్టాడు. తాళానికి నాలుగు దెబ్బలు. శ్రుతి రెండు మెట్లు పెంచాడు.

"అవ్వా, చెవిలో టిక్కుటిక్కుమనేది ఇనిపిస్తాండాదా?"

"ఇనిపిస్తాండాది నాయనా."

"మరి దాంతోపాటు పాడేదానికేం?"

"అది ఉరుకుతాండాది. ఈ పాట ఉరికేది కాదు."

"కంప్యూటర్ తప్పు చేస్తాదా? నీకే తాళం లేదు. పోయి బయట కూసో."

చౌడమ్మ హెడ్‌ఫోన్ తీసి, జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టి, వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

శాలిని అనే కాలేజీ అమ్మాయిని పిలిపించి పాడించారు. గంటలో పని ముగిసింది.

పోయేటప్పుడు చౌడమ్మ తలుపు దగ్గర ఆగింది.

"నేను పాడకపోయినా పర్లేదు నాయనా. దాన్ని మాత్రం ఉరికించొద్దు."

దేవేంద్ర తలెత్తలేదు.

జాతర మరునాడే వెంకటరమణప్ప వచ్చాడు.

"సీడీ ఏసినామప్పా. అమ్మోరి ముందర ఆడే ఆడోళ్ళకు ఒక్క అడుగూ కుదరల్యా. కడాకు ఆపేసినాము."

దేవేంద్ర మొహం మాడిపోయింది. ఆయన వెళ్ళాక, రికార్డింగ్ రోజు మైకు సరిచూసుకోవడానికి చౌడమ్మ చేత ఊరికే పాడించిన ముక్క వెతికి విన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

మూడు, నాలుగు. మళ్ళీ మూడు, నాలుగు.

మొత్తం ఏడు.

చివరి దాకా ఆమె ఒక్క దెబ్బ తప్పలేదు.

నాలుగు చెరిపి ఏడు పెట్టాడు. టెంపో సగానికి దించాడు. శ్రుతి ఆమె గొంతుకు తగ్గట్టు మార్చాడు. వారం కూర్చుని వాయిద్యాలన్నీ మళ్ళీ కట్టి, ఆమెను స్వయంగా తీసుకురావాలని పుంగనూరు బస్సెక్కాడు.

చౌడమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి బుజ్జమ్మ చాట కింద పెట్టి లేచింది.

"చౌడమ్మ యాడికి పోయిందమ్మా?"

"పోయి నాలుగు దినాలాయప్పా. జాతర కాడ్నించి వచ్చి పండుకున్న మనిషి మల్లా లేయల్యా."

దేవేంద్ర అరుగు మీద కూలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. ఆమెకు తాళం లేదన్నాను," అన్నాడు. "ఆ పాత పాటను అంత కచ్చితంగా ఎవరి కాడ నేర్చుకునింది?"

"నేర్చుకునేదేందప్పా? అది జాతర పాటయింది ఎనకనే." బుజ్జమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "కుప్పంలో జొరమొచ్చి చౌడమ్మ ఆరేండ్ల కూతురు సచ్చిపోతే, పీనుగని తెలిస్తే బస్సు దించేస్తారని, బిడ్డ నిద్రపోతాండాదని నలుగుర్నీ నమ్మించేదానికి, ఒళ్ళో పండబెట్టుకోని పుంగనూరు దాకా ఆ తల్లి కట్టుకుంటా పాడుకుంటా వచ్చిన పాట అది."