ఇంకోటి తీయండి

ఈ దీవికి వచ్చేవాళ్ళకు ఫోటోలు తీయడం నా పని. తన యాభయ్యో పుట్టినరోజని భర్తను వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ ఇవాళ నా ప్రాణం తోడేసింది.

"సార్, మేడమ్ భుజం మీద చెయ్యేయండి. కాస్త నవ్వండి."

వేశాడు, నవ్వాడు. క్లిక్‌మనగానే చెయ్యి తీసేసి ఫోన్లో తల దూర్చాడు.

నేను కెమెరా చూపించబోతే ఆవిడ చూడనైనా చూడలేదు. "సరిగ్గా రాలేదేమో, ఇంకోటి తీయండి."

అలా ముప్పై ఏడు తీశాను. నా మెడ పట్టేసింది.

పొద్దు వాలగానే ఆయన గదికి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం ఇసుకలోనే నిలబడిపోయింది.

"ఇవన్నీ ఎక్కడికి పంపమంటారు మేడమ్?"

ఆవిడ తన భుజం మీద తనే చెయ్యేసుకుంది.

"ఫోటోలు వద్దులెండి. రేపు కూడా రండి."