అమ్మ అన్నం తినే వేళ

కన్నతల్లి మీద రెండు పూటలా అరుస్తానని మా వీధిలో నాకు చెడ్డపేరు. అరుస్తాను, నిజమే.

అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసి, చాలా ఏళ్ళకి తిరిగొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి మా అందరికీ వడ్డించి, నాయనమ్మ "ఇక నువ్వూ తినవే" అన్నాకే కంచం ముందు కూర్చునేది.

"దేశంకాని దేశం వెళ్ళొచ్చినా మా రత్నమాణిక్యం పద్ధతి మారలేదు," అని నాయనమ్మ మురిసిపోయింది. నాకూ ముచ్చటేసింది.

మరిడమ్మ జాతరకి ఇంటి కాపలాకి అమ్మని ఉంచి, మేమంతా పెద్దాపురం వెళ్ళాం. చుట్టాలు ఉండమంటే ఉండి, మర్నాడు సాయంత్రం వచ్చాం.

గిన్నెల్లో అన్నం, దప్పళం వండినవి వండినట్టే ఉన్నాయి. అమ్మ వంటింటి గోడకి జారబడి కూర్చుంది. పెదాలు ఎండిపోయాయి.

"తినలేదేంటమ్మా?"

గోడ పట్టుకుని గబుక్కున లేచి నిలబడింది.

"తినమని మీరు చెప్పలేదు కదండీ."

కడుపున పుట్టినదాన్ని, నన్ను "అండీ" అంది!

కంచంలో పెట్టిచ్చాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. తల వంచుకుని అలాగే నిలబడింది తప్ప ముద్ద ముట్టుకోలేదు.

ఇంక ఏం చెయ్యాలో తోచక, "తిను!" అని గట్టిగా అరిచాను.

అప్పుడు తింది.