గిరిబాబు పెట్టిన కంటి పరీక్ష

"మసగ్గా ఉందండి."

గిరిబాబు నవ్వాడు. పెళ్ళయి రెండు నెలలు కాలేదు గానీ, ఆ నవ్వు హైమవతికి అప్పుడే అలవాటైపోయింది. పెదవి ఒక పక్కకే వెళ్ళే నవ్వు.

"అది మసగ్గా లేదే. నీ కన్నే మసగ్గా ఉంది. బి.ఎస్సీ. ఫిజిక్సు సదివినావు, ఆ ముక్క తెలీదేటి?"

ఆదివారం పొద్దున్న. రైల్వే క్వార్టరు డాబా. హైమవతి చేతిలో గిరిబాబు గాలి తుపాకీ నుంచి విప్పిన స్కోపు ఉంది, గురి చూసుకునే గొట్టం. దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు మీది అంకెలు అందులోంచి చదవాలి. అది గిరిబాబు పెట్టిన పరీక్ష.

అసలు పరీక్ష గురువారం. హైమవతి అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాసింది, నెగ్గింది. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఏ-వన్ మెడికల్ అంటే ఏమిటో చంటిపిల్లలకీ తెలుసు. కళ్ళజోడు లేకుండా చార్టు చివరి వరస దాకా చదవాలి. తడబడితే ఇంజను ఎక్కే ఆశ వదులుకోవాలి.

"మొగుడు వర్క్‌షాపులో బోల్టులు బిగిస్తాడు, పెళ్ళాం ఇంజను నడుపుద్దంట" అని ఎవరో అన్న మాట గిరిబాబు చెవిలో పడింది. ఆ మర్నాటి నుంచే ఈ మెడికల్ ఇంట్లో మొదలైంది.

"గొట్టం మీద రాసున్న త్రీ-నైన్-ఫార్టీ అంటే?"

"మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరగా కనిపిస్తాది. నలభై అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో."

"రెటికిల్?"

"లోపల ప్లస్సు గీత."

"ఐ రిలీఫ్?"

"కంటికీ అద్దానికీ మజ్జిని ఉండాల్సిన ఎడం."

"పారలాక్స్?"

"తల కదిపితే ప్లస్సు గీత గురి మీంచి పక్కకి జరిగినట్టు కనబడ్డం."

"పేర్లన్నీ వొచ్చేసినాయి. సూపొక్కటే రాలేదు."

హైమవతి కన్ను కాస్త వెనక్కి జరిపింది. ముందుకి జరిపింది. మొదట అంతా పొగమంచు. పట్టుబట్టి చూస్తే కన్ను లాగింది, నీళ్ళు కారాయి.

"వెనకాల ఇంకో రింగుంది కదండి. దాన్ని కొంచెం తిప్పితే?"

"డయాప్టర్ అంటారు దాన్ని. సెయ్యేసినావంటే ఊరుకోను! కరెక్టుగా సెట్ సేసి టేపేసినాను. ఈ స్కోపు కొన్న కాడి నుంచి నా గుండు ఒక్కటీ తప్పలేదు, తెలుసా? అంతకు ముందు షూటింగ్ క్లబ్బులో అందరూ నన్ను సూసి నవ్వేవోళ్ళు."

హైమవతి స్కోపు కిందికి దించి కళ్ళు తుడుచుకుంది. వెంటనే చప్పట్లు కొట్టింది.

"అదిగోండి, ట్యాంకు మెట్ల మీద చిలక! దాని తోకలో ఒక ఈక ఊడిపోయింది, పాపం!"

గిరిబాబు అటు చూశాడు. మళ్ళీ అదే నవ్వు.

"చిలకంట, ఈకంట! గొట్టంలోంచి ట్యాంకే కనబడనిదానికి ఉత్తి కంటికి ఈక కనబడిందంట. అమ్మా, నీ కోడలి కోతలు విన్నావా?"

వడియాలు పెడుతున్న సత్యవాణి తలెత్తింది. ఆమె కోడలిని ఏనాడూ కోప్పడలేదు. అయినా ఇది రైల్వే ఇల్లు.

"కళ్ళు బాగోకపోతే వొద్దులే తల్లీ. మెడికల్లో పోయిందంటే కాలనీ అంతా అదే మాట. మనం తలెత్తుకోలేం."

హైమవతి మొహంలో సంబరం ఆరిపోయింది. పరీక్ష నెగ్గినట్టు కాగితం వచ్చిన రోజున సుభాష్‌పల్లిలో ఉన్న కోడలి పుట్టింటికి మిఠాయి పట్టుకెళ్ళింది ఇదే అత్త. ఇప్పుడు ఆవిడే వద్దంటోంది.

"అలాగే అత్తా. గురువారం వెళ్ళనులే."

"ఆగాగు," అన్నాడు గిరిబాబు. "రేపు పదిమందిలో మా ఆయనే ఆపేసినాడంటావు. ఇందా బజారులో కళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన నోటితోనే విందువుగాని. స్కోపు కూడా పట్టుకొస్తాను. గొట్టానిది తప్పో, కంటిది తప్పో తేలిపోద్ది."

సాయంత్రం టోటో రిక్షాలో వెళ్ళారు. దారిలో జాల్‌మురీ మరమరాల బండి కనిపించినా హైమవతి ఆపమని అడగలేదు.

డాక్టరు బెంగాలీ పెద్దాయన. మాటలు తక్కువ. హైమవతిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక కన్ను మూసి చదవమన్నాడు. తర్వాత రెండో కన్ను. ఆమె చివరి వరస దాకా చదివింది. ఆయన "ఊఁ" అంటాడు తప్ప ఇంకేమీ అనడు.

పక్కన నిలబడి గిరిబాబు హిందీలో అందుకున్నాడు.

"బట్టీ పట్టేసి ఉంటుంది డాక్టర్ బాబూ, నమ్మకండి. ఇదిగో ఇందులోంచి చూపించండి, అసలు సంగతి తెలుస్తుంది. ఫిజిక్సు చదివింది, ఒక్క స్కోపులోకి చూడ్డం చేతకాదు!"

డాక్టరు స్కోపు అందుకుని కిటికీలోంచి వీధి చివరికి చూశాడు. కన్ను తీసేసి, రెప్పలు నలుపుకున్నాడు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, టేపు వేసిన చోట వేలు పెట్టి ఆగాడు.

"దీన్ని ఇలా పెట్టింది ఎవరు?"

"నేనే. టేపు కూడా నేనే వేశాను."

"ఇందులోంచి మీకు అంతా స్పష్టంగా కనిపిస్తుందా, దాదా?"

"అరచేతిలో పెట్టినట్టు!" అన్నాడు గిరిబాబు, భార్య వైపు చూసి పెదవి ఒక పక్కకి లాగుతూ.

డాక్టరు హైమవతి మొహం మీంచి ఇనప ఫ్రేము తీసి, ఆమెను లేవమని, ఖాళీ అయిన కుర్చీని గిరిబాబు వైపు తిప్పాడు.

"కూర్చోండి దాదా, ఆవిడ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, ఈ రింగుని మీరు ఇంత చివరిదాకా తిప్పి టేపు వేసుకున్నది పాడైపోయిన మీ చూపుకి సరిపోయేలా."