తొలికోత

"బిడ్డా, నీ దోస్తు పంపిన జంట వచ్చిండ్రు," వీడియో కాల్‌లో ఎంకన్న మొహం వెలిగిపోతోంది. వెనక బంతిచేను విరగబూసి ఉంది.

తార్నాకలో చాయ్ తాగుతున్న నిరోష నవ్వింది. తనతో పీజీ చదివే పరశురాం, "మా దోస్తు పెండ్లి ఫొటోలకు మీ చేను ఇప్పియ్యవా?" అని బతిమాలితే తండ్రికి తనే చెప్పింది.

ఆ పరశురామే క్యాంపస్ చెట్ల కింద ఫోన్‌లో హాలెండ్ తులిప్ తోటలు చూపించి, "పెండ్లయినంక పోదాం" అనేవాడు.

"తొలికోత పూలు నీ బతుకమ్మకని ఉంచిన గద. జంట ముచ్చటగున్నరని దండలు గుచ్చి ఏసిన. ఏమనుకోకు."

"మంచిగ చేసినవ్ నాయినా. ఏరీ, చూపియ్యి."

ఎంకన్న ఫోన్ తిప్పాడు. బంతిపూల నడుమ, పట్టుచీర కట్టిన అమ్మాయి భుజం మీద చెయ్యేసి, మెడలో దండతో పరశురాం నవ్వుతున్నాడు.

నిరోష గ్లాసు కింద పెట్టింది.

"ఫోన్ ఆ పెండ్లి పిలగానికియ్యి నాయినా."

ఫోన్ అందుకున్న పరశురాం నవ్వు ఆగిపోయింది. పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "నిరోషా... ఇంట్ల ఒత్తిడి చేసిండ్రు. నీకు చెప్దామనే..."

"మా నాయినకు నువ్వు ఎరుకలేవనే ధైర్యంతోని పోయినవా?"

అతను వెనక్కి తిరిగి పట్టుచీర అమ్మాయి వైపు చూశాడు.

"దండ తీసి ఆయన చేతికియ్యి."

కాసేపటికి తెర మీదికి మళ్లీ ఎంకన్న వచ్చాడు. "పిలగాడు దండ వాపసిచ్చిండేంది బిడ్డా? పూలు మంచిగ లెవ్వా?"

"మంచిగనే ఉన్నయ్ నాయినా," అంది నిరోష. "తొలికోత నాది గద."