రెండో తొట్టి రొయ్యలు

"ఇంగ్వె, రెండో తొట్టిలో ఉండాల్సిన నా రొయ్యలేవి?"

హెడ్విగ్ గొంతు విని, ప్రయోగశాల విందుకి వండుతున్న ఇంగ్వె గరిటెతో సహా వెనక్కి తిరిగాడు. స్వీడన్‌లో ఆగస్టు వచ్చిందంటే పీతకున్నట్టు పెద్ద డెక్కలుండే రొయ్యల విందు తప్పదు కదా. ప్రయోగశాల వాళ్ళంతా కాగితం టోపీలు పెట్టుకుని, బల్ల చుట్టూ చేరి, అప్పటికే డెక్కలు విరిచి జుర్రుతున్నారు.

"నేను కొన్నవే వండానమ్మాయ్. చల్లగదిలో పెట్టుకున్నవి."

"మీరు కొన్నవి చల్లగదిలోనే ఉన్నాయి, ప్రాణాలతో. గది పొరబడి మీరు వండినవి నావి."

ఇంగ్వెకి పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్విగ్ రెండు తొట్ల రొయ్యలు పెట్టుకుని, మత్తుమందు రుచి మరిగిన రొయ్య, తొట్టిలో తనకి మందు దొరికిన చారల గోడ దగ్గరికే మళ్ళీ మళ్ళీ పోతుందా అని చూస్తోంది. శుక్రవారంతో ఆమె ఉద్యోగం గడువు తీరిపోతుంది. ఇంకో ఆరు నెలలు ఇవ్వమని ఈస్టర్ పండుగ నుంచీ అడుగుతుంటే, ప్రొఫెసర్ సిగ్వర్డ్ "చూద్దాం" అన్న మాట తప్ప ఇంకోటి అనలేదు. ఈ పిల్ల పొట్ట కొట్టానే అని ఇంగ్వెకి ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్విగ్ బల్ల దగ్గరికెళ్ళింది. "అందరూ ఒక్క మాట వినండి. మీరు తింటున్నవి నా మత్తుమందు ప్రయోగం రొయ్యలు."

నమిలేవాళ్ళు నమలడం ఆపేశారు.

"నేను ఏడు తిన్నాను," అంది ఆఫీసు చూసే సీవ్, నీరసంగా. "గుండె దడదడలాడుతోంది."

"నాకు చెవుల్లోంచి ఆవిర్లొస్తున్నాయి," అన్నాడు ఇంకొకాయన, స్వెట్టర్ విప్పేస్తూ.

వండుతూ నాలుగు రుచి చూసిన ఇంగ్వెకీ ఒళ్ళంతా చెమట పట్టింది. చిత్రమేమిటంటే, ఎండాకాలమంతా వంగనని మొరాయించిన అతని మోకాలు హాయిగా వంగింది. నమ్మలేక మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాడు. నొప్పి జాడే లేదు.

తిరిగొచ్చేసరికి సిగ్వర్డ్ కుర్చీ ఎక్కి పాడుతున్నాడు. సారా చుక్క ముట్టని మనిషి, మాటలు కూడా లెక్కపెట్టుకుని మాట్లాడే మనిషి.

"హెడ్విగ్, ఇలా రా తల్లీ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఈస్టర్ నుంచీ నిన్ను ఊరికే తిప్పించుకున్నాను. బుద్ధి గడ్డి తింది. ఏదీ ఆ గడువు పెంచే కాగితం?"

హెడ్విగ్ జేబులోంచి తీసిచ్చింది.

"ఆరు నెలలేం సరిపోతాయి? ఏడాది రాసుకో." ఆరు కొట్టేసి పన్నెండు వేసి, సంతకం చేసి, సీవ్ చేత సాక్షి సంతకం కూడా పెట్టించి మళ్ళీ పాట అందుకున్నాడు.

హెడ్విగ్ తొట్ల గదికి వెళ్తుంటే ఇంగ్వె వెంటపడ్డాడు. "డాక్టర్ని పిలవమంటావా? ఒక్కో రొయ్యకి ఎంత మందు ఎక్కించావు?"

ఆమె ఒకటో తొట్టి మూత తీసింది. లోపల రొయ్యలన్నీ చారల గోడకి అతుక్కుపోయి ఉన్నాయి.

"మందు ఎక్కించినవి ఇవి. రెండో తొట్టి వాటికి వట్టి ఉప్పునీళ్ళే. పోల్చి చూడ్డానికి పెట్టుకున్నాను. అవి పోయాయి కాబట్టి పని మళ్ళీ మొదటికొచ్చింది, ఏడాది పడుతుంది."

"మరి ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా?"

"ఎవరడిగారు?" అని హెడ్విగ్ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంది.

ఇంగ్వె మోకాలు మళ్ళీ నొప్పెట్టడం మొదలుపెట్టింది.