పాట పెరగని గంప

“ఆ ఒక్క గంప దగ్గర పాట ఎందుకు పెరగదు?”

ఎగ్జామినర్ జగన్నాధం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎదురుగా హేమ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

విజయనగరంలో బి.ఏ. ఎకనామిక్స్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు వైవా అది. ఈ మార్కులు కలిస్తేనే ఫస్ట్ క్లాసు. ఫస్ట్ క్లాసు వస్తే విశాఖలో ఎమ్మేకి దారి దొరుకుతుందని లెక్చరర్ సుహాసిని ముందే చెప్పింది. ఆవిడ ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది.

భావనపాడు వైపు ఒక చిన్న రేవులో జరిగే చేపల వేలం మీద హేమ ప్రాజెక్టు. పడవ ఒడ్డుకు రాగానే చేపల్ని గంపల్లో పోస్తారు. చుట్టూ ఆడవాళ్లు మూగుతారు. ఒకరి మీద ఒకరు పాట పెంచుతారు, తిట్టుకుంటారు, నవ్వుకుంటారు. సెలవుల్లో హేమ రోజూ ఆ ఇసుకలో నిలబడి ధరలు రాసుకుంది. అప్పుడే కంటబడింది. అసిరమ్మ అనే మనిషి ఒక ధర అనగానే మిగతా నోళ్లన్నీ మూతపడతాయి. ఆ గంప సగం ధరకే ఆమెకి వెళ్లిపోతుంది. రోజుకి ఒక్క గంప.

ఎందుకని దానమ్మని అడిగింది. ఆ గుంపుకి దానమ్మే పెద్ద.

“రాసుకోడానికొచ్చినావు గదా, రాసుకో. ఎందుకో నీ పుస్తకాల్లో నేదేటే?” అని నవ్వి, దానమ్మ తన గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

రిపోర్టులో హేమ అసిరమ్మ పేరు రాయలేదు. ఒక కొనుగోలుదారు అని మాత్రం రాసింది.

“ఇది కుమ్మక్కు,” అన్నారు జగన్నాధం. “కనిపెట్టినందుకు మెచ్చుకోవాలి. పట్నం పిల్లలు రేవు వాసనకే పారిపోతారు. కానీ నష్టం ఎవరికమ్మా? పడవలో వెళ్లిన కళాసీలకి కాదా?”

హేమ తల ఊపింది. ఆ మాట నిజమే. తెల్లవార్లూ నీళ్ల మీద ఉండి వచ్చినవాళ్ల వాటా అది.

“అయితే ఆవిడ పేరు చెప్పు. అక్కడి మత్స్యకారుల సంఘం వాళ్లు నాకు తెలుసు.”

సంఘానికి తెలిస్తే అసిరమ్మని మళ్లీ పాటకి నిలబడనివ్వరు.

“పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను సార్.”

పేరు లేకపోతే ఇదంతా అల్లిన కథ అనుకోవాల్సి వస్తుందన్నారాయన. మార్కులు వెయ్యలేనన్నారు. చెప్పెయ్యమ్మా, అని సుహాసిని గొంతు తగ్గించి బతిమాలింది. హేమ నేల చూసింది.

ఆయన పేజీలు తిప్పారు. “పోనీ, ఇది ఎప్పటి నుంచి జరుగుతోంది?”

“మూడేళ్ల నుంచి సార్. ఆ ఏడాది వేసవి వేట నిషేధం అయిపోయి పడవలు సముద్రంలోకి దిగిన రోజు నుంచి.”

“మూడేళ్ల కిందట ఏం జరిగింది అక్కడ?”

హేమ జవాబు చెప్పబోయి ఆగిపోయింది. దానమ్మ నవ్వు గుర్తొచ్చింది. బల్ల అంచు పట్టుకుంది.

“తెలీదు సార్.”

ఆ గదిలో ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే.

జగన్నాధం కాగితం మీద ఏదో అంకె వేసి బోర్లించారు. సుహాసిని కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం కోటబొమ్మాళిలో రైలు దిగి హేమ బజారుకి నడిచింది. అసిరమ్మ చేపలన్నీ అమ్మేసి, కుళాయి దగ్గర గంప కడుగుతోంది. తలెత్తి హేమ మొహం చూసింది.

హేమ చెప్పులు విప్పి, ఆమె చేతిలోని గంప తీసుకుని కడగడం మొదలుపెట్టింది.

“నా సదువైపోనాదే అమ్మా, రేపట్నుంచి నీ గంపకీ ఆళ్లని పాట పెంచమని సెప్పు.”